లేసు అల్లేవాళ్లతోనే సినిమా: నటులు కానివాళ్లను ఎంచుకోవడం, వాళ్లతో నటింపజేయడం

లేసుదారం:
అందరికీ నమస్కారం. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లి బతికే ఆడవాళ్ల మీద నా మొదటి సినిమా తీయబోతున్నాను. కథ చిన్నది. ఒక తల్లి, పదేళ్ల కూతురు, ఇంటింటికీ దారం ఇచ్చి అల్లిన లేసు పట్టుకెళ్లే ఏజెంటు. కూలి రేటు దగ్గర మొదలైన మాటామాటా వీధి మొత్తానికి పాకుతుంది.

ప్రధాన పాత్రలు అక్కడివాళ్లే వేయాలన్నది నా పట్టుదల. డబ్బు పెడుతున్న మా బాబాయి మాత్రం "తల్లి పాత్రకు కాస్త తెలిసిన ముఖం పెట్టు, యాస సంగతి డబ్బింగులో చూసుకోవచ్చు" అంటున్నారు. చిన్నప్పటి నుంచి లేసు అల్లిన మనిషి సూది వైపు చూడదు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే తను ఎదుటి మనిషితో పోట్లాడుతూనే ఉంటుంది. కొద్ది రోజుల శిక్షణతో ఇది ఏ నటికీ రాదు. నా సినిమా అంతా ఆ చేతుల మీదే నడుస్తుంది.

ఊళ్లో ఒక హాలు తీసుకుని ఆడిషన్లు పెట్టాం. రెండు పేజీల సంభాషణ ఇచ్చి చెప్పమన్నాం. అరుగు మీద కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లను కడుపుబ్బ నవ్వించే మనుషులు కెమెరా ముందు టీవీ సీరియల్లో అత్తగార్లలా మాట్లాడారు. ఎవరిని ఎలా ఎంచుకోవాలి? స్క్రిప్టు చేతికి ఇవ్వాలా వద్దా? డబ్బింగా, అక్కడికక్కడే ధ్వని రికార్డు చేయడమా? ఇలాంటి సినిమాలకు పనిచేసినవాళ్లు వివరంగా చెప్పండి.

క్లాప్‌బోర్డు:
అమ్మా, కాగితం చేతికిచ్చిన క్షణంలోనే అది పరీక్ష అయిపోయింది. వాళ్లకు తెలిసిన నటన సీరియల్లోదే కాబట్టి అదే చేసి చూపించారు. మీరు అడిగింది వాళ్లు చక్కగా ఇచ్చారు.

నేను సహాయ దర్శకుడిగా పల్లెల్లో తీసిన సినిమాలకు చాలాకాలం పనిచేశాను. మేం చేసే పద్ధతి చెబుతాను. హాలు వదిలేయండి. వాళ్ల అరుగు మీదకే వెళ్లండి. కెమెరా ఒక పక్కన పెట్టి, "లేసు బాగాలేదని ఏజెంటు డబ్బు కోసినప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. మనిషి మొదట పొడిపొడిగా చెబుతుంది, తర్వాత ఏజెంటు మాటలు ఏజెంటు గొంతుతోనే చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు చూడాలి. ఇంత వరకూ చాలామందికి వస్తుంది. అసలు పరీక్ష దాని తర్వాత. ఇంకొకరిని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టి, "మా వాడు వినలేదు, వీడికి మళ్లీ చెప్పండి" అనండి. అదే సంగతి రెండోసారి చెప్పినా అంతే కోపం వస్తే ఆమె టేకులకు నిలబడుతుంది. రెండోసారికే చల్లబడిపోయే మనుషులు ఉంటారు. వాళ్లు ఎంత మెప్పించినా పెద్ద పాత్ర ఇవ్వకండి, ఒక్క సన్నివేశం ఇవ్వండి.

ఇంకొకటి, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడండి. నటులు కానివాళ్లలో చాలామంది తమ మాట వచ్చేదాకా ఖాళీగా ఉండిపోతారు. వినడం తెలిసిన మనిషి దొరికితే సగం పని అయిపోయినట్టే.

మీరు చేతుల గురించి రాసింది చాలా విలువైన మాట. ఒక సినిమాలో కల్లు గీసే పెద్దాయన ఉన్నారు. చెట్టు కింద నిలబడి కొడుకుతో రెండు మాటలు చెప్పాలి. వట్టిగా నిలబెడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయారు. దర్శకుడు వెళ్లి "తాతా, మోకు కట్టుకుంటూ చెప్పు" అన్నారు. ఆయన మోకు బిగించి, ముడి ఒకసారి లాగి చూసుకుని, కొడుకు వైపు తిరగకుండానే మాట అనేశారు. తిరగకపోవడం స్క్రిప్టులో లేదు. చెట్టు ఎక్కబోయే మనిషి ముడి మీద నుంచి చూపు తీయడు కదా. ఆ షాటే సినిమాలో ఉంది.

పాతరీలు:
ఎంపిక గురించి రెండు ఉదాహరణలు చెప్పాలనిపించింది. 1948లో ఇటలీ దర్శకుడు డి సికా 'బైసికిల్ థీవ్స్' తీసేటప్పుడు హాలీవుడ్ నిర్మాత సెల్జ్‌నిక్ డబ్బు పెడతానని, కథానాయకుడిగా హాలీవుడ్ స్టార్ కేరీ గ్రాంట్‌ను పెట్టమని అడిగారు. డి సికా ఒప్పుకోలేదు. మీ బాబాయి అడుగుతున్నది కొత్త ప్రశ్న కాదన్నమాట. చివరికి ఆ పాత్ర వేసింది రోములో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు, లాంబెర్తో మజొరానీ. కొడుకును పిల్లవాడి పాత్రకు చూడమన్న సందర్భంలో తండ్రి దర్శకుడి కంట్లో పడ్డారు. కాబట్టి కూతుళ్లను ఆడిషన్‌కు తీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడిన తల్లులను ఒకసారి చూడండి. తమను ఎవరూ చూడటం లేదనుకునే మనుషులు వాళ్లే.

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'లో అప్పు పాత్ర కోసం పత్రికల్లో ప్రకటన ఇచ్చి ఎంతోమంది పిల్లలను చూశారు. కుర్రవాడు మాత్రం పక్కింటి మేడ మీద ఆడుకుంటూ ఆయన భార్య విజయ గారి కంటబడ్డాడు. 1952 అక్టోబరులో రెల్లుపూల పొలంలో మొదటి షూటింగ్. అప్పు అక్కను వెతుకుతూ నడవాలి. ఎన్నిసార్లు చెప్పినా బొమ్మలా తిన్నగా నడిచాడు. అప్పుడు రాయ్ దారిలో అక్కడక్కడా చిన్న పుల్లలు పెట్టించి వాటిని దాటుకుంటూ రమ్మన్నారు. పక్కల నుంచి సహాయకులు పేరు పెట్టి పిలుస్తుంటే అటూ ఇటూ తిరిగి చూడమన్నారు. తెర మీద మనకు వెతుకులాట కనిపిస్తుంది. పిల్లవాడికి మాత్రం "వెతుకుతున్నట్టు ముఖం పెట్టు" అని ఎవరూ చెప్పలేదు. చేయడానికి ఒక పని ఇచ్చారు, అంతే. క్లాప్‌బోర్డు గారి మోకు కూడా ఇదే కోవలోది.

రంగస్థలి:
నేను నాటక పరిషత్తుల మనిషిని. ఒక మాట గట్టిగా చెప్పాలి. 'నటులు కానివాళ్లు' అంటూ అందరినీ ఒకే గాటన కట్టకండి. మన పల్లెల్లో పౌరాణికాలు వేసినవాళ్లు, హరికథ చెప్పినవాళ్లు, బుర్రకథలో వంత పాడినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు జీతం ఇచ్చేది ఇంకో పని, కానీ నటన వాళ్ల ఒంట్లో ఉంది. 'శంకరాభరణం' వచ్చేనాటికి జె.వి. సోమయాజులు గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆయనను శంకరశాస్త్రిని చేసింది అంతకుముందు ఏళ్ల తరబడి వేసిన 'కన్యాశుల్కం'. 'బలగం' చివరి ఘట్టంలో మనల్ని కదిలించింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. వాళ్లు సినిమా నటులు కారు, కానీ చావు ఇంటి ముందు కథ చెప్పి జనాన్ని ఏడిపించడం వాళ్ల వృత్తి. అంత కట్టుబాటు ఉన్న ప్రదర్శనను సహజత్వం అనేసి ఊరుకుంటే వాళ్ల విద్యను తక్కువ చేసినట్టే. 'మా భూమి'లో గద్దర్ పాట కూడా అలాంటిదే. ఆయన పల్లెల్లో జనం మధ్య పాడుతున్నదాన్నే కెమెరా ముందు పాడారు.

లేసుదారం గారూ, మీ సినిమా జరిగేది పాలకొల్లుకు దగ్గర్లో. అల్లు రామలింగయ్య గారు పుట్టిన ప్రాంతం, నాటకాలు తెలిసిన నేల. ఆ వైపు కూడా చూడండి.

క్లాప్‌బోర్డు:
రంగస్థలి గారూ, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నాను. మొగిలయ్య గారి దంపతులను వాళ్లు చేసే పనికే పెట్టారు కాబట్టి అది అంత గొప్పగా వచ్చింది. అలా కాకుండా స్టేజీ అలవాటున్న మనిషిని వంటింట్లో భార్యతో గొణిగే సన్నివేశంలో పెడితే వెనక వరుసకు వినబడేలా మాట్లాడతారు. ఆ గొంతు తగ్గించడానికి పట్టే సమయంలో కొత్త మనిషితో మూడు సన్నివేశాలు తీయవచ్చు.

రంగస్థలి:
గొంతు తగ్గించడం రిహార్సల్‌తో వచ్చే పని. కొత్త మనిషికి రానిది, స్టేజీ మనిషికి వచ్చినది ఒకటుంది. ఈ రోజు ఆపిన చోట నుంచి వారం తర్వాత అదే మనసుతో అందుకోవడం. సినిమాను ముక్కలుగా తీస్తారు కదా, అక్కడ తేడా తెలుస్తుంది. చివరి సన్నివేశం ముందు, మొదటి సన్నివేశం తర్వాత తీస్తామంటే లేసు అల్లే తల్లి ఏ లెక్కన పట్టుకోగలదు?

కత్తెర:
ఎడిటర్‌ని. మీ ఇద్దరి వాదనకూ నా బల్ల మీద జవాబు ఉంది. రంగస్థలి గారు చెప్పిన చిక్కు నిజమే, కానీ దాన్ని మనిషి మీద వేయకుండా షెడ్యూలు మీద వేయాలి. కథ క్రమంలోనే తీయండి. బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ దశాబ్దాలుగా చేసింది అదే. కథ వరుసలో తీయడం, స్క్రిప్టు ఒకేసారి కాకుండా ముక్కముక్కలుగా ఇవ్వడం. మెక్సికో సినిమా 'రోమా'ను దర్శకుడు కువారోన్ కూడా వరుసలోనే తీశారు. అందులో క్లెయో పాత్ర వేసిన యలిత్సా అపారిసియో అప్పటిదాకా సినిమా ముఖం చూడని మనిషి, టీచరు ఉద్యోగానికి చదువుకున్నారు. మీది ఒకే వీధిలో జరిగే కథ. లొకేషన్లు మార్చే ఖర్చు లేదు కాబట్టి వరుసలో తీయడానికి బాబాయి గారికీ అభ్యంతరం ఉండకూడదు.

కంటిన్యుటీ, అంటే ఒక షాటుకీ ఇంకో షాటుకీ పొంతన, కూడా ముందే ఆలోచించుకోండి. ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారో కొత్త మనిషికి గుర్తుండదు, గుర్తు పెట్టుకోమంటే గ్లాసు గురించే ఆలోచిస్తారు. మీ సినిమాలో ఇంకా కష్టం, టేకు టేకుకీ లేసు పొడుగు పెరుగుతుంది! ఒకే నమూనా వేర్వేరు దశల్లో అల్లించి కొన్ని ముక్కలు సిద్ధం చేసుకోండి. రెండు కెమెరాలు ఒకేసారి నడిపితే సగం బాధ తప్పుతుంది. మాట్లాడని మనిషి మీద ఒక కెమెరా తప్పకుండా ఉంచండి. నటులు కానివాళ్ల సినిమాలో నన్ను కాపాడేవి వినేవాళ్ల షాట్లే.

నేపథ్యధ్వని:
డబ్బింగ్ మాట వినగానే రాయకుండా ఉండలేకపోయాను. దయచేసి వద్దు. మన పరిశ్రమలో డబ్బింగ్ అలవాటు కాబట్టి ఎవరూ రెండో ఆలోచన చేయరు. అలవాటున్న నటుడికే ఏసీ గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెర మీద తన పెదాలు చూస్తూ అదే ఉద్వేగం తేవడం కష్టం. అరుగు మీద పోట్లాడిన ఆమెను హైదరాబాదు తెచ్చి ఆ గదిలో నిలబెడితే అక్కడ దొరికినదంతా పోతుంది. ఆమె గొంతు బదులు ఇంకొకరి గొంతు పెడితే, అక్కడి మనిషిని ఎందుకు ఎంచుకున్నట్టు? పాత ఇటలీ సినిమాల్లో ధ్వనిని తర్వాతే కలిపేవారు, నిజమే. వాళ్లకు అప్పట్లో ఉన్న పద్ధతి అది. మనకు ఆ బలవంతం లేదు.

'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. కంచరపాలెం వాళ్లతోనే తీశారు, లొకేషన్ సౌండే వాడారు. అందులో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, మనుషులు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటారు, మాట మింగేస్తారు. డబ్బింగ్ థియేటరులో వీటన్నిటినీ శుభ్రం చేసేస్తాం. శుభ్రం చేసిన చోట ఊరు పోతుంది.

పనిలో పనిగా ఒక సూచన. చీరలో దాచే చిన్న మైకు మీ చిత్రానికి ఇబ్బంది, ఎందుకంటే మోచేతులు ఒంటికి దగ్గరగా కదులుతూ ఉంటాయి, బట్ట రాపిడి మాటల కింద గరగరమని వినిపిస్తుంది. మెత్తబడిన పాత నూలు చీరలు కట్టించండి, బూమ్ మీదే, అంటే పొడవాటి కర్రకు కట్టి పైన పట్టుకునే మైకు మీదే, ఎక్కువ ఆధారపడండి. బూమ్ పట్టుకునే కుర్రాడు రిహార్సల్స్ నుంచే అక్కడ ఉంటే నెత్తి మీద కర్ర ఉందన్న సంగతి వాళ్లు మర్చిపోతారు.

బెంగళూరుతెలుగు:
కన్నడ సినిమా 'తిథి' గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. మండ్య జిల్లాలో నొదెకొప్పలు అనే ఊళ్లో తీశారు. తారాగణమంతా ఆ చుట్టుపక్కల మనుషులే. 2015లో లొకార్నో చలనచిత్రోత్సవంలో రెండు బహుమతులు వచ్చాయి. దర్శకుడు రామ్ రెడ్డితో కలిసి రాసిన ఈరే గౌడ ఆ ఊరితో పెరిగిన మనిషి. వాళ్లు పాత్ర రాసుకుని మనిషి కోసం వెతకలేదు. ముందు మనుషులను చూసి, వాళ్లు నడిచే తీరు, మాట్లాడే తీరు పట్టుకుని పాత్రలు రాశారు. గడ్డప్పగా వేసిన పెద్దాయన గడ్డం, నడక, తిట్లు చూస్తే ఆ పాత్ర ఇంకెవరైనా వేయగలరా అనిపిస్తుంది.

లేసుదారం గారూ, మీరు తల్లి పాత్రకు సరిపోయే మనిషిని వెతుకుతున్నారు. మనిషి దొరికాక తల్లి పాత్రను మళ్లీ రాసే ధైర్యం ఉందా? ఆమెకు భర్త లేకపోతే కథలో కూడా తీసేయగలరా? ఆమె నవ్వే మనిషి అయితే మీ ఏడుపు సన్నివేశం నవ్వులోకి మార్చగలరా?

లేసుదారం:
నన్ను నిలబెట్టేసిన ప్రశ్న ఇది. కథలో భర్త దుబాయ్‌లో ఉంటాడు. అతను పంపే డబ్బు ఆగిపోవడం మీదే రెండో సగం నడుస్తుంది. కాబట్టి భర్తను తీసేయలేను. నవ్వు సంగతి ఒప్పుకుంటాను. మాటలు కూడా వాళ్లవే ఉండాలనిపిస్తోంది. కానీ స్క్రిప్టు అసలు ఇవ్వకపోతే సన్నివేశం ఎటు పోతుందో అన్న భయం ఉంది.

పాతరీలు:
మాటలు వాళ్ల నుంచే రాబట్టడానికి పాత ఉదాహరణ ఇటలీ దర్శకుడు విస్కోంటి. 1948లోనే 'లా తెర్రా ట్రెమా'ను సిసిలీలో ఆచి త్రెజ్జా అనే ఊరి జాలర్లతో తీశారు. సన్నివేశం ఏమిటో చెప్పి, ఇలాంటప్పుడు మీరైతే ఎలా అంటారు అని అడిగి, వాళ్లు చెప్పిన మాటల నుంచే సంభాషణ తయారు చేసుకునేవారు. వాళ్ల యాస ఇటలీలోనే మిగతావాళ్లకు అర్థం కాక వ్యాఖ్యానం జోడించాల్సి వచ్చింది. అయినా యాస మార్చలేదు.

అదుపు సంగతికి వస్తే 'ది క్లాస్' చూడండి. 2008లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ గెలిచిన ఫ్రెంచి సినిమా. దర్శకుడు లొరాన్ కాంతే నిజమైన బడి పిల్లలతో ఒక విద్యా సంవత్సరం పొడవునా వర్క్‌షాపులు పెట్టారు. ఉపాధ్యాయుడి పాత్ర వేసిన ఫ్రాన్స్వా బెగోదో నిజంగానే ఉపాధ్యాయుడు, మూల నవల రాసిన మనిషి కూడా. సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాలో ఆయనకు తెలుసు, పిల్లలకు పూర్తిగా తెలియదు. ప్రశ్నలు అడుగుతూ, ఎగదోస్తూ సన్నివేశాన్ని లోపలి నుంచే ఆయన నడిపేవారు. మూడు కెమెరాలు, ఒకటి ఆయన మీద, ఒకటి మాట్లాడే పిల్లల మీద, ఇంకొకటి అనుకోకుండా ఏదైనా జరిగితే పట్టుకోవడానికి.

మీ సినిమాలో ఆ స్థానం ఏజెంటుది! సన్నివేశంలోకి డబ్బు, దారం, తగువు తెచ్చేది అతనే. అతను బాగా తెలిసిన నటుడైతే మీ మనిషి ఒకరు లోపల ఉన్నట్టే.

రంగస్థలి:
ఇదే నేను మొదటి నుంచి అడుగుతున్న చోటు. ఆ పాత్ర పాలకొల్లు నాటకాల మనిషికి ఇవ్వండి. ఎదుటి మనిషి మాట తప్పినా కలిపేసుకుని పోవడం స్టేజీ నేర్పే మొదటి విద్య.

మూడోకన్ను:
ఛాయాగ్రాహకుడిని. కొత్తవాళ్లతో పనిచేసేటప్పుడు నేల మీద టేపు అంటించి "ఇక్కడే ఆగండి" అనడం మానేశాను. మనిషి కళ్లు టేపు మీదకే పోతాయి. అరుగు అంచో, బియ్యం డబ్బానో, నీళ్ల బిందో ఆగాల్సిన చోట ఉంటే కారణంతో ఆగుతారు. ఫోకస్ కాస్త లోతుగా ఉండే లెన్సు, ఎపర్చరు ఎంచుకుంటే వాళ్లు ఒక అడుగు అటూ ఇటూ వేసినా ఫర్వాలేదు. వెనకంతా మసకబారిన అందమైన ఫ్రేము కావాలంటే ఈ సినిమాలో కుదరదు, మీ కెమెరామన్‌తో ముందే మాట్లాడుకోండి.

ముఖం ముందు క్లాప్ కొట్టి, "సైలెన్స్" అని అరిచి, "యాక్షన్" అంటే కొత్త మనిషి భుజాలు బిగుసుకోవడం నేను వ్యూఫైండర్‌లో ఎన్నోసార్లు చూశాను. కెమెరా నిశ్శబ్దంగా నడిపించి, మాటల్లో పెట్టి, "సరే అమ్మా, ఇక ఏజెంటు వచ్చాడు" అనండి చాలు. క్లాప్ షాట్ చివర కొట్టవచ్చు.

బాలహితం:
ఇప్పటివరకు చర్చ చాలా బాగుంది, కానీ పదేళ్ల పాప గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను పిల్లల హక్కుల మీద పనిచేస్తాను.

కెన్ లోచ్ పేరు గౌరవంగా వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1969 నాటి 'కెస్'లో ప్రధానోపాధ్యాయుడు పిల్లలను బెత్తంతో కొట్టే సన్నివేశం ఉంది. ఆ దెబ్బలు నిజమైనవి. పిల్లలకు ముందుగా చెప్పలేదు. తెర మీద ఒక చిన్న కుర్రవాడి కళ్లలో కనిపించే నీళ్లు నటన కాదు. సినిమా చివర చనిపోయిన డేగను చూసినప్పుడు, తను అంతకాలం పెంచిన పక్షినే చంపేశారని కథానాయకుడి పాత్ర వేసిన కుర్రవాడు నమ్మాడు. గొప్ప సినిమా, నేనూ ఒప్పుకుంటాను. అయినా ఆ పని గొప్పది కాదు.

మన దేశంలో ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకోదు. బాలకార్మిక చట్టానికి 2016లో సవరణ, 2017లో నిబంధనలు వచ్చాయి. సినిమాలో పిల్లలను పెట్టాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకు 5 గంటలకు మించి పనిచేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. చదువు ఆగకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లల ఇష్టానికి, సమ్మతికి విరుద్ధంగా పాల్గొనేలా చేయకూడదని కూడా అందులోనే ఉంది. ఐదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడు ఉండాలి. చిన్న సినిమా అన్న మినహాయింపు లేదు.

కత్తెర:
పిల్లల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పెద్దవాళ్లతో కొంత దాచడం వేరు కాదా? 'రోమా'లో ప్రసవం సన్నివేశానికి నిజమైన డాక్టర్లనే పెట్టారు. బిడ్డ చనిపోయి పుడుతుందని అపారిసియోకు ముందు చెప్పలేదు. ఆమె ముఖంలో వచ్చింది ఎన్ని రిహార్సల్స్ చేసినా రాదు.

బాలహితం:
రాకపోతే రాదు. బిడ్డను పోగొట్టుకున్న అనుభవం నిజ జీవితంలో ఉన్న మనిషి ఆ మంచం మీద పడుకుని ఉంటే? మన ఊళ్లలో అలాంటి ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఎంచుకునే ముందు అడిగారా అన్నదే నా ప్రశ్న.

క్లాప్‌బోర్డు:
నేను పాటించే గీత చెబుతాను. కథలో రాబోయేది దాచవచ్చు, మనిషి సొంత జీవితం మీద దెబ్బ కొట్టేది దాచకూడదు. ఏజెంటు ఈ సన్నివేశంలో రేటు తగ్గిస్తాడన్న సంగతి ఆమెకు చెప్పకపోతే నష్టం లేదు, ఆమె రోజూ గెలిచి ఓడే పోట్లాటే అది. "నువ్వు అల్లింది చెత్త" అని ఆమె సొంత లేసును నలుగురిలో విసిరికొట్టించకూడదు. అది పాత్రను కాదు, ఆమెను అవమానించినట్టు. అలాంటిది అవసరమైతే ముందే చెప్పి, వేరే లేసు ముక్క ఇచ్చి తీయండి.

పాతరీలు:
ఇరాన్ దర్శకుడు కియరోస్తమి దగ్గర ఒక సున్నితమైన పద్ధతి ఉంది. ఆయన 'టేస్ట్ ఆఫ్ చెర్రీ' 1997లో వచ్చింది. సినిమా చాలావరకు కారులో ఇద్దరి సంభాషణే. అయితే ఆ ఇద్దరు నటులు ఒకేసారి కారులో లేరు. ఎప్పుడూ పక్క సీట్లో కూర్చున్నది కియరోస్తమియే. డ్రైవరు వైపు తీసేటప్పుడు ప్రయాణికుడిగా, ప్రయాణికుడి వైపు తీసేటప్పుడు డ్రైవరుగా ఆయనే మాట్లాడారు. ప్రధాన పాత్ర వేసిన హొమాయున్ ఎర్షాది అప్పటికి ఆర్కిటెక్టు, ట్రాఫిక్‌లో కారులో ఉండగా చూసి అడిగారట. ఎవరినీ మోసం చేయనక్కర లేదు, భయపెట్టనక్కర లేదు. దర్శకుడు కెమెరా పక్కన కూర్చుని నిజంగా మాట్లాడితే ఎదుటి మనిషి నిజంగా జవాబు చెబుతారు. మీ సినిమాలో పాపతో తీసే సన్నివేశాలకు ఇది పనికొస్తుంది.

బెంగళూరుతెలుగు:
ఫ్రెంచి దర్శకుడు బ్రెస్సాన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం కదా. ఆయన నటులు కానివాళ్లనే తీసుకుని, మాటలోంచి ఉద్దేశం ఇంకిపోయేదాకా మళ్లీ మళ్లీ చెప్పించేవారు. మొదటి టేకే నిజమన్న నమ్మకం అన్నిచోట్లా చెల్లదు.

క్లాప్‌బోర్డు:
చెల్లదు. అయితే ఆయన సినిమా అంతా ఆ స్వరంలోనే ఉంటుంది. లేసుదారం గారికి వీధి పోట్లాట కావాలి. దాన్ని అరగదీస్తే ఏమీ మిగలదు.

బాలహితం:
షూటింగ్ అయ్యాక ఏమిటన్నది ఇంకా మిగిలింది. మజొరానీ గురించి పైన రాశారు. సినిమా ప్రపంచమంతా చూసింది, ఆయనకు ఫ్యాక్టరీ ఉద్యోగం పోయింది, నటుడిగా నిలదొక్కుకునే అవకాశాలూ రాలేదు. వీధి పిల్లల మీద తీసిన 'సలాం బాంబే'లో నటించి జాతీయ అవార్డు అందుకున్న షఫీక్ సయ్యద్ తర్వాత బెంగళూరులో ఆటో నడిపారు. ఆ సినిమా బృందం సలాం బాలక్ ట్రస్టు పెట్టింది, అది వీధి పిల్లలకు ఇప్పటికీ పనిచేస్తోంది, అది గొప్ప విషయమే. అయినా ఒక కుర్రవాడికి మీరు ఇది జీవితాన్ని మారుస్తుందన్న ఆశ కల్పించకూడదు. మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి: ఇది ఇన్ని రోజుల పని, దీనికి ఇంత డబ్బు, దీని తర్వాత ఇంకో సినిమా వస్తుందన్న హామీ లేదు. ఆ మాట తెలుగులో కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్ల దగ్గర ఉంచండి.

మీ కథలో ఇంకో ప్రమాదం ఉంది. సినిమాలో ఏజెంటును నిలదీసిన మనిషికి రేపు దారం ఇవ్వాల్సింది నిజమైన ఏజెంటే. మీరు హైదరాబాదు వెళ్లిపోతారు, ఆమె ఆ వీధిలోనే ఉంటుంది.

లేసుదారం:
బాలహితం గారి మాట చదివి ఆ వీధికి వెళ్లి నేరుగా అడిగాను. పేరు రాయను, తల్లి పాత్రకు నా మనసులో ఉన్నామెనే అడిగాను. తడుముకోకుండా చెప్పారు. ఒక్కరినే నిలదీసినట్టు తీస్తే తనకు ఇబ్బంది, వీధిలో అందరూ కలిసి నిలదీసినట్టు తీస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, అందరికీ దారం ఆపితే ఏజెంటుకే లేసు ఉండదు అన్నారు. నా స్క్రిప్టులో తల్లి ఒక్కతే లేచి నిలబడుతుంది. ఆ సన్నివేశాన్ని మళ్లీ రాస్తున్నాను. కథకు కూడా ఇదే బలమనిపిస్తోంది. ఊరి పేరు, ఏజెంటు ఇంటి గుర్తులు మారుస్తున్నాం. ఎడిటింగ్ పూర్తయ్యాక బయటివాళ్ల కన్నా ముందు వాళ్లకే చూపిస్తాను, వద్దన్న షాటు తీసేస్తానని కాగితంలో రాశాను. కూలి విషయంలో కూడా ఆ రోజు అల్లితే వచ్చేదాన్ని ఆధారం చేసుకోకుండా, సినిమా పనికి ఇచ్చే రేటే ఇస్తాను. బాబాయితో ఇది మాట్లాడి ఒప్పించాను.

ఇంకో సంగతి. క్లాప్‌బోర్డు గారు చెప్పినట్టు అరుగు మీదే రెండోసారి చెప్పించి చూశాం. హాల్లో నోరు విప్పని ఒకామె రెండోసారి ఇంకా గట్టిగా చెప్పారు. చెబుతూ మధ్యలో ఆగి, పక్కింటావిడ అల్లుతున్న లేసులో ఒక గడి తప్పిందని చూపించి, మళ్లీ వదిలిన చోటే అందుకున్నారు. ఆమెను తీసుకుంటున్నాం. పాపను ఇంకా చూడలేదు, కానీ అనుమతి దరఖాస్తుకు కావలసినవి సిద్ధం చేస్తున్నాం, వేసవి సెలవుల్లోనే తీస్తాం.

ఏజెంటు పాత్రకు పాలకొల్లు వైపు నాటకాలు వేసే ఒకాయనను కలిశాను. గొంతు పెద్దదే. కానీ ఏజెంటు వీధిలోకి వస్తూనే అందరికీ వినబడేలా మాట్లాడతాడు కదా, అక్కడ అది సరిపోతుంది. ఆయన ముందే వీధిలో తిరిగి దారం ఇవ్వడం, తూకం చూడటం నేర్చుకుంటానన్నారు.

మిగిలిన సందేహం ఒక్కటే. మాట మర్చిపోతే పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇవ్వాలా? మన షూటింగుల్లో అది మామూలే కదా.

క్లాప్‌బోర్డు:
వద్దు. ప్రాంప్టింగ్ చెవిన పడగానే కళ్లు ఆ వైపు పోతాయి, పైగా లొకేషన్ సౌండ్‌లో అది రికార్డవుతుంది. మాట మర్చిపోతే ఏజెంటు పాత్రధారే ఇంకో ప్రశ్న అడగాలి. "ఏమ్మా, మాట్లాడవేం?" అంటే చాలు, జవాబు వస్తుంది. అది స్క్రిప్టులో ఉన్నదాని కన్నా బాగుండవచ్చు కూడా.

రంగస్థలి:
ఆ సన్నివేశాలకు రిహార్సల్స్ పెట్టేటప్పుడు పిలవండి. గొంతు సంగతి నేను చూస్తాను.

నేపథ్యధ్వని:
లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు ఒక రోజంతా ఆ అరుగు మీద కూర్చుని ఏ గంటకు ఏ చప్పుడు వస్తుందో రాసుకోండి. గుడి మైకు, చర్చి మైకు, నీళ్ల మోటారు, బడి గంట, చేపల బండి హారను. మాటలున్న సన్నివేశాలు వాటి మధ్య ఖాళీల్లో వేసుకోండి. పైన రేకుల కప్పు ఉంటే వేసవిలో మధ్యాహ్నం ఎండకు రేకులు వ్యాకోచించి టప్‌టప్‌మంటాయి, ఆ వేళకు లోపలి సన్నివేశాలు పెట్టకండి. ఎప్పుడు వెళ్తున్నారో చెబితే రికార్డరు తీసుకుని నేనూ వస్తాను.